ఖవామ్ సంతకం, మజ్లిస్ మెలిక

సభకు నమస్కారం. ఇరాన్ చమురు అనగానే అందరికీ దాన్ని జాతీయం చేసిన ప్రధాని ముసద్దెక్ గుర్తొస్తారు. ఈ పూట పలుమార్లు ఇరాన్ ప్రధాని అయిన అహ్మద్ ఖవామ్ గురించి మాట్లాడుకుందాం. 1906లో ఇరాన్ రాజు (షా) రాజ్యాంగానికి ఒప్పుకుంటూ ఇచ్చిన ఫర్మానా ఈయన దస్తూరీలోనే ఉంది. 1921లో జైలు నుంచి నేరుగా ప్రధాని పీఠం ఎక్కిన ఘనుడు.

1946 జనవరిలో మళ్లీ ప్రధాని అయ్యేనాటికి రెండో ప్రపంచయుద్ధంలో వచ్చిన సోవియట్ సేన ఉత్తరాన తిష్ఠ వేసుకుని ఉంది. ఆ అండతో వాయవ్య ఇరాన్‌లోని తబ్రిజ్ నగరంలో పీషెవరీ అనే కమ్యూనిస్టు నేత వేరు సర్కారు పెట్టాడు. సేన ఖాళీ చేయాల్సిన గడువు మార్చి 2. అది దాటినా కదల్లేదు. స్టాలిన్‌కు కావలసింది ఉత్తర ఇరాన్ చమురు. ప్రధాని ఎవరైనా విదేశీయులతో చమురు హక్కుల బేరం పెడితే నేరమని 1944లోనే ముసద్దెక్ మజ్లిస్‌లో, అంటే ఇరాన్ పార్లమెంటులో, చట్టం చేయించి ఉన్నారు.

ఏప్రిల్ 4న సోవియట్ రాయబారి సాద్చికోవ్‌తో ఖవామ్ ఒప్పందం కుదుర్చుకున్నారు. మార్చి 24 నుంచి నెలన్నరలో సేన వెళ్లిపోవాలి. బదులుగా ఉత్తరాన చమురు తీసే ఉమ్మడి కంపెనీలో మొదటి 25 ఏళ్లు సోవియట్లకు 51 శాతం, ఇరాన్‌కు 49. తర్వాతి 25 ఏళ్లు చెరిసగం. ఈ కంపెనీ ఒప్పందాన్ని ఏడు నెలల్లోగా మజ్లిస్ ముందు పెట్టాలి. అసలు మెలిక ఇక్కడే! పాత మజ్లిస్ గడువు మార్చిలోనే తీరిపోయింది. విదేశీ సేన ఉండగా కొత్త ఎన్నికలు జరపకూడదని చట్టం. చమురు దక్కాలంటే మజ్లిస్ కావాలి, మజ్లిస్‌కు ఎన్నికలు కావాలి, ఎన్నికలకు సేన వెళ్లాలి. భద్రతామండలిలో ఫిర్యాదు, అమెరికా ఒత్తిడి కూడా పనిచేశాయి; ఘనతంతా ఖవామ్‌దే అనలేం.

మే నెలలో సేన వెళ్లింది. ఆగస్టులో ఖవామ్ సోవియట్ అనుకూల కమ్యూనిస్టు పార్టీ అయిన తూదే వాళ్లు ముగ్గురికి మంత్రి పదవులిచ్చి, అక్టోబరులో సాగనంపారు. డిసెంబరులో ఎన్నికల పర్యవేక్షణ పేరు చెప్పి తబ్రిజ్‌కు సైన్యాన్ని పంపారు. పీషెవరీ సర్కారు కూలింది. 1947 అక్టోబరు 22న కొత్త మజ్లిస్ 102–2 ఓట్లతో చమురు ఒప్పందాన్ని తోసిపుచ్చింది. డిసెంబరులో ఖవామ్ పదవి కూడా ఊడింది.

1952 జులైలో అప్పటి ప్రధాని ముసద్దెక్ రాజీనామా చేస్తే షా ఖవామ్‌ను ప్రధానిగా పిలిచారు. ఈసారి చేతిలో పార్టీ లేదు, మజ్లిస్‌లో బలం లేదు. అయినా రేడియోలో కఠినమైన ప్రకటన చేసి వీధిని రెచ్చగొట్టారు. మజ్లిస్‌ను రద్దు చేయమని అడిగితే షా చేయలేదు. ఇరానీ క్యాలెండర్‌లో తీర్ 30న, అంటే జులై 21న, కాల్పుల్లో జనం చనిపోయారు. ఆ రోజే రాజీనామా. టెహ్రాన్‌లో ఆయన భవనం ఇప్పుడు గాజు, పింగాణీ వస్తువుల మ్యూజియం. అదున్న వీధి పేరు 'సీ-ఎ-తీర్', తీర్ 30! మజ్లిస్ ఆయన ఆస్తి జప్తుకు చట్టం చేసింది, తర్వాత అదీ రద్దయింది. ఖవామ్ 1955లో కన్నుమూశారు.