జనం ఒకచోట, లెక్క ఒకచోట: ఉత్తరాంధ్ర కథ

[తెరపై: ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మ్యాపు]

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా జనం 27 లక్షలు. అంటే చదరపు కిలోమీటరుకు దాదాపు 460 మంది. ఉమ్మడి విజయనగరంలో 360 వరకు ఉంటారు. ఈ సగటు చూసి మా ప్రాంతం అర్థమైపోయింది అనుకోకండి. వంశధార, నాగావళి పారే పల్లంలో ఊరి పక్కనే ఊరు. సీతంపేట, కురుపాం వైపు కొండెక్కితే పదిహేను ఇరవై ఇళ్ల గూడెం, గెడ్డ (వాగు) దాటితే ఇంకో గూడెం.

[తెరపై: కొండదారిలో నడుస్తున్న ఏఎన్ఎం (ఉపకేంద్రం నర్సు)]

చిక్కంతా వసతులు పంచే దగ్గరే. మైదానంలో 5,000 మందికి, కొండ ప్రాంతంలో 3,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలన్నది ప్రభుత్వ ప్రమాణం. కొండకు మేలే చేశారు కదా అనిపిస్తుంది. పల్లంలో 5,000 మంది రెండు మూడు ఊళ్లలోనే దొరుకుతారు. కొండమీద 3,000 మందిని చూడాలంటే ఎన్ని గూడేలు తిరగాలో! రోడ్డు లేకపోతే ఏఎన్ఎం నడిచే వెళ్లాలి. నెలలు నిండిన గర్భిణిని డోలీ కట్టి కిందికి మోసుకొచ్చారన్న వార్తలు ఇంకా వింటూనే ఉన్నాం. తలలతో పాటు దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందే.

శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో సంగతి వేరు. కొబ్బరి, జీడి తోటల మధ్య జనం చాలామందే ఉన్నారు, కానీ కిడ్నీ జబ్బు వాళ్లను పీడిస్తోంది. అందుకే హిరమండలం రిజర్వాయరు నుంచి అక్కడికి పైపులైన్లో తాగునీరు తెచ్చారు. ఆ 700 కోట్ల పథకం 2023 డిసెంబరులో మొదలైంది.

[తెరపై: పండగ వెళ్లిన వారం, బస్టాండులో సంచులు, బియ్యం మూటలు]

ఇక వలస. 2011లో ప్రతి 1,000 మంది మగవాళ్లకు శ్రీకాకుళంలో 1,015 మంది, విజయనగరంలో 1,019 మంది ఆడవాళ్లున్నారు. మగవాళ్లు పనికి బయటికి వెళ్లిపోవడం దీనికి ఒక పెద్ద కారణం. సెంట్రింగ్ పనికి హైదరాబాద్, చెన్నై పోతారు. చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోతారు. శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది, అయినా వేటకు అంత దూరం పోవాల్సి వస్తోంది! 2020 లాక్‌డౌన్‌లో వేరావల్‌లో చిక్కుకున్న వేలమందిని బస్సుల్లో తీసుకొచ్చారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 2011లో జనాన్ని లెక్కించింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. ఆ రోజులన్నీ ఊళ్లో లేని మనిషిని ఊరి లెక్కలో రాయరు, ఎక్కడుంటే అక్కడే రాయాలి. మా ఊళ్లు సంక్రాంతికి నిండుతాయి, పండగ అయ్యాక నాలుగు రోజులకే ఖాళీ అవుతాయి. లెక్క రాసుకునే ఎన్యుమరేటర్ వచ్చేసరికి ఇంట్లో ముసలమ్మ, ఇద్దరు పిల్లలే ఉంటారు. ఓటు, రేషన్ కార్డు ఊళ్లో ఉంటాయి, మనిషి మాత్రం సైట్‌లో రేకుల షెడ్డులో ఉంటాడు. ఆ షెడ్డు దాకా ఎవరైనా వచ్చి పేరు రాసుకున్నారా అన్నదే నా టెన్షన్. ఇప్పుడు రేషన్ బియ్యం దేశంలో ఎక్కడైనా తీసుకోవచ్చు, అది చాలా మంచి పని. కానీ అంగన్‌వాడీ, బడి మాత్రం రేషన్ కార్డుతో పాటు రావు కదా.

వచ్చే లెక్కింపు కూడా 2027 ఫిబ్రవరిలోనే. బయట పనిలో ఉన్న అన్నదమ్ములూ, ఎన్యుమరేటర్ మీ సైట్‌కు ఎప్పుడొస్తారో మేస్త్రీని అడగండి. వెంట ఉన్న భార్యాపిల్లల పేర్లు కూడా రాయించండి. ఊళ్లో ఉన్న అమ్మలూ, ఆ నెలలో మీ అబ్బాయికి ఫోన్ చేసినప్పుడు పేరు రాయించుకున్నాడో లేదో అడగండి.