సెకండ్‌హ్యాండ్ లైఫ్ రాఫ్ట్ కొన్నాం, సముద్రంలోకి తీసుకెళ్లొచ్చా? కళింగపట్నం నుంచి రివ్యూ

నమస్తే అండీ. కళింగపట్నంలో ఉన్నాను, వెనకాల లైట్‌హౌస్ కనిపిస్తోంది కదా. ఈ సంచిలో ఉన్నది నలుగురు పట్టే లైఫ్ రాఫ్ట్ (బోటు మునిగితే ఎక్కడానికి ఉబ్బే తెప్ప), సరదాగా తిరగడానికి మా బావ కొన్న ఫైబర్ బోటు కోసం. బావ దీన్ని ‘గాలితెప్ప’ అంటున్నాడు, పేరు నాకూ నచ్చింది.

లోపల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంటుంది. సంచి నుంచి వచ్చే తాడు కొసను ముందు బోటుకి గట్టిగా కట్టాలి, తర్వాతే సంచిని నీళ్లలో వేసి, తాడంతా బయటికి లాగి, చివర్లో ఒక్క గుంజు గుంజితే రాఫ్ట్ ఉబ్బుతుంది. కట్టకుండా వేశారో, గాలికి ఇచ్ఛాపురం వైపు టాటా చెప్పి పోతుంది.

సంచి రకానికి ఎండా వానా తగలకూడదు, అలాగని చేతికి అందకుండానూ ఉండకూడదు. బావ ఎక్కడ పెట్టాడో చూడండి: ముందు లాకర్‌లో అడుగున, దాని మీద లంగరు, ఐస్ బాక్స్, పాత వల! నేను తీసేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. సముద్రపు పడవ పందేల రూల్స్‌లో దీనికి ఇచ్చే టైమ్ 15 సెకన్లు. డెక్ మీద బిగించే గట్టి డబ్బా రకమైతే ఈ గొడవ తక్కువ. దానికి హైడ్రోస్టాటిక్ రిలీజ్ అనే చిన్న పరికరం పెట్టుకుంటే, బోటు మునిగి 1.5 నుంచి 4 మీటర్ల లోతుకి పోగానే నీటి ఒత్తిడికి దానంతటదే డబ్బాని బిగించిన తాడు తెంపి డబ్బాని పైకి వదిలేస్తుంది. మామూలుగా ఈ రిలీజ్‌ని రెండేళ్లకోసారి మార్చాలి.

ఇప్పుడు అసలు కడుపుమంట. అమ్మినాయన “మొన్ననే సర్వీస్ అయింది” అన్నాడు, కార్డు మీద చూస్తే 2019! కంపెనీని బట్టి ఏడాదికో, మూడేళ్లకో సర్వీస్ ఉంటుంది: గాలి నింపి లీకులు చూస్తారు, సిలిండర్ తూకం వేస్తారు, గడువు దాటిన ఫ్లేర్లు (సాయం కోసం వెలిగించే సిగ్నల్ మంటలు) మారుస్తారు. బావ ఇంట్లోనే విప్పేద్దామని కత్తి తీశాడు, నేను లాక్కున్నాను. విప్పితే మళ్లీ అలా మడవడం మన వల్ల కాదు.

ఇంకోటి, రాఫ్ట్ ఉంది కదా అని తొందరపడి బోటు దిగిపోకండి. 1979లో ఇంగ్లండ్ నుంచి సాగిన ఫాస్ట్‌నెట్ అనే తెరచాప పడవల రేసు తుఫానులో చిక్కుకున్నప్పుడు 24 పడవల్ని వదిలేసి దిగిపోయారు, మునిగినవి 5 మాత్రమే.

మార్కులా? దాచిన చోటుకి సున్నా. రాఫ్ట్‌కి సర్వీస్ నుంచి వచ్చాక వేస్తాను, అప్పటిదాకా లైఫ్ జాకెట్లు వేసుకుని వంశధారలోనే తిరుగుతాం, బావ ఎంత అలిగినా సరే.