చల్లగా ఉన్నప్పుడే చూడాలి

అందరికీ నమస్కారం. పాత కార్లున్నవాళ్లే ఎక్కువ మంది వచ్చారు కాబట్టి నేరుగా చలికాలం స్టార్టింగ్ ట్రబుల్‌కే వస్తాను.

పొద్దున్నే మొరాయించిన బండిని నలుగురూ కలిసి తోసి, ఎలాగో స్టార్ట్ చేసి, పదకొండింటికి షెడ్డుకి తెస్తారు. జ్వరం దిగాక డాక్టర్ దగ్గరికి వెళ్లినట్టే అది. అప్పటికి ఇంజన్ వేడెక్కి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. ఇక మెకానిక్ మాత్రం ఏం చేస్తాడు? ఊహించి బ్యాటరీ మార్చమంటాడు. అందుకే ముందురోజు సాయంత్రమే బండి షెడ్డులో వదిలేయండి. పొద్దున మొదటి సెల్ఫ్ ఆయన చేతే కొట్టించండి.

సెల్ఫ్ కొట్టగానే చెవి పెట్టండి. ఇంజన్ బరువుగా తిరుగుతోందా, చురుగ్గా తిరిగినా అందుకోవడం లేదా? ఈ రెండిటికీ వెతకాల్సిన చోట్లు వేరు.

బరువుగా తిరిగితే వోల్టులు కొలిచే మీటర్ తీయండి. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడిపోతుంటే బ్యాటరీని అనుమానించాలి. అలా పడకపోతే బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజన్‌కి వెళ్లే ఎర్త్ కేబుల్ చూడండి. మీటర్ వైరు ఒకటి బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటిందంటే ఆ దారిలో ఎక్కడో తుప్పు పట్టింది. దాన్ని గీకి బిగించడానికి అయ్యే ఖర్చెంతో మీకే తెలుసు.

చురుగ్గా తిరిగినా అందుకోకపోతే పెట్రోలు సంగతి చూడాలి. ఆవిరైన పెట్రోలే మండుతుంది. చలికి అది సరిగా ఆవిరి కాదు కాబట్టి మొదట్లో మామూలు కన్నా ఎక్కువ పోయాలి. కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) ఉన్న పాత మారుతి 800లో ఆ పని, గాలి దారిని రేకుతో మూసే చోక్‌ది. కేబుల్ సాగిపోతే బటన్ పూర్తిగా లాగినా లోపలి రేకు మూసుకోదు. ఎయిర్ ఫిల్టర్ తీసి, ఒకరు లాగుతుంటే ఇంకొకరు చూడండి.

కార్బొరేటర్ బదులు కంప్యూటరే లెక్కచూసి పెట్రోలు చిమ్మించే ఇంజెక్షన్ బండ్లలో, ఇంజన్ చల్లగా ఉందని ఆ కంప్యూటర్‌కి చెప్పేది కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల) టెంపరేచర్ సెన్సర్. నాకు బాగా అనుమానం ఉండేది దీని మీదే. చల్లటి ఇంజన్‌ని పట్టుకుని 80 డిగ్రీలుందని అది చెబితే, కంప్యూటర్ నమ్మేసి పెట్రోలు తగ్గిస్తుంది. 80 అన్నది మామూలు అంకే కాబట్టి చెక్ ఇంజన్ లైటు వెలగకపోవచ్చు కూడా. ఇంజన్ తిప్పకముందే, తాళం ఆన్‌లో పెట్టి, ఆ కంప్యూటర్ లెక్కలు చూపించే స్కానర్‌లో చూడండి. కూలెంట్ వేడి, లోపలికొచ్చే గాలి వేడి రెండూ దాదాపు ఒకటే ఉండాలి. లంబసింగిలో పొద్దున 5 డిగ్రీలుంటే రెండూ 5 దగ్గరే చూపించాలి. మధ్యాహ్నం నడిపి తెచ్చిన బండిలో ఈ పరీక్ష కుదరనే కుదరదు.

చివరికి స్పార్క్ ప్లగ్ తీయండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. తడిసి ఉంటే పెట్రోలు వస్తోంది, స్పార్క్ చూడాలి, లేదా పెట్రోలు మరీ ఎక్కువై ఓవర్ అయింది. ఓవర్ అయితే చోక్ లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. కార్బొరేటర్ నోట్లో పెట్రోలు పోసే అలవాటున్నవాళ్లు మాత్రం ఇవాళ్టితో మానేయండి, బ్యాక్‌ఫైర్ అయితే బానెట్ కిందే మంట లేస్తుంది.

డీజిల్ బండ్ల హీటర్ ప్లగ్గుల గురించి టీ తాగాక మాట్లాడుకుందాం.