జేఆర్‌ఓటీసీలో వేస్తే పిల్లల్ని ఆర్మీకి పట్టుకుపోతారా?

నమస్తే అండీ. ఆగస్టులో స్కూల్ షెడ్యూళ్లు చేతికొచ్చాయంటే చాలు, ఇక్కడ అమెరికాలో మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది: "పిల్లాడికి జేఆర్‌ఓటీసీ పడింది, అదేంటి, రేపు ఆర్మీకి పంపాలా?" అక్కర్లేదండీ. జూనియర్ రిజర్వ్ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్ అనే, సైన్యం స్కూళ్లతో కలిసి నడిపే ఈ హైస్కూలు కోర్సులో చేరితే సైన్యంలో చేరాలన్న షరతేమీ లేదు. పిల్లలు సంతకం పెట్టే బాండూ లేదు. అయితే జాగ్రత్తగా చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి, ఈ వీడియోలో వాటి మీదే ఎక్కువసేపు ఉంటాం.

ముందు ఇది ఏంటో చూద్దాం. 1916 నాటి జాతీయ రక్షణ చట్టంతో ఇది మొదలైంది. 1964 చట్టం తర్వాత ఆర్మీతో పాటు మిగతా దళాలకూ విస్తరించింది. మన ఎన్‌సీసీ లాంటిదే అంటారు గానీ, సగమే నిజం. మన దగ్గర స్కూల్లో ఎన్‌సీసీ చూసేది శిక్షణ పొందిన టీచరు, పరేడ్ మామూలు క్లాసులకు బయట ఉంటుంది. ఇక్కడ ఇది టైమ్‌టేబుల్లో లెక్కలు, సైన్సుల పక్కనే ఉండే పీరియడ్. చెప్పేవాళ్లు ఎక్కువగా సైన్యంలో రిటైరైన ఆఫీసర్లు, సార్జెంట్లు. వాళ్ల జీతంలో కొంత ఆ దళం, కొంత స్కూల్ డిస్ట్రిక్ట్ ఇస్తాయి.

ఆర్మీ కార్యక్రమంలో నాలుగేళ్లకూ నాలుగు స్థాయిలుంటాయి, లెట్ (లీడర్‌షిప్ ఎడ్యుకేషన్ అండ్ ట్రైనింగ్) వన్ నుంచి లెట్ ఫోర్ దాకా. వారంలో ఒకరోజు యూనిఫాం, ఒకటి రెండు రోజులు వ్యాయామం, మిగతావి క్లాసులు: నాయకత్వం, ప్రథమ చికిత్స, మ్యాప్ చదవడం, అమెరికా ప్రభుత్వం పనిచేసే తీరు. ఫిట్‌నెస్ పరీక్షలో కర్ల్-అప్స్, పుల్-అప్స్, వీ-సిట్ రీచ్ (కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగి అందుకోవడం), షటిల్ రన్, ఒక మైలు పరుగు ఉంటాయి. మైలు పరుగులో మన పిల్లలు చేసే తప్పు ఒకటే. మొదటి పావు మైలు ప్రాణం పెట్టి పరిగెత్తి, మిగతాది ఈడ్చుకుంటూ నడవడం.

డ్రిల్ దగ్గర కాసేపు ఆగుదాం, అసలు విషయం ఇక్కడే ఉంది. అటెన్షన్‌లో మడమలు కలిపి, పాదాల మధ్య 45 డిగ్రీలు ఉంచాలి. చేతి బొటనవేళ్లు ప్యాంటు కుట్టు మీద ఉండాలి. "ఫార్వర్డ్" అనగానే కదలకూడదు. బయటికి కనపడకుండా బరువు కుడికాలి మీదకు మార్చుకుని, "మార్చ్" అన్నప్పుడు ఎడమకాలు వేయాలి. ఒక్కో అడుగు 30 అంగుళాలు, నిమిషానికి 120 సార్లు అడుగు వేయాలి. చేతులు ముందుకు 9 అంగుళాలు, వెనక్కి 6 అంగుళాలు మాత్రమే ఊగాలి. ఇండియాలో ఎన్‌సీసీ చేసి వచ్చిన పిల్లలు ఇక్కడే దొరికిపోతారు. మన డ్రిల్‌లో చెయ్యి భుజం ఎత్తుకు లేవాలి, సావధాన్‌లో పాదాల మధ్య 30 డిగ్రీలే. సెల్యూట్ కూడా తేడా, మన ఆర్మీ పద్ధతిలో అరచేయి ఎదుటివాళ్లకు కనిపిస్తుంది, ఇక్కడ కనిపించకూడదు. అలవాటైన ఒంటికి ఇవి మార్చడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం. రోజూ పది నిమిషాలు అద్దం ముందు చేయించండి.

ఇంకొకటి. ఎండలో అటెన్షన్‌లో నిలబడి ఏదో ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోవడం మామూలే. మోకాళ్లు బిగించి నిలబడితే కాళ్ల కండరాలు కదలవు, రక్తం కిందే నిలిచిపోతుంది, మెదడుకు సరిగ్గా అందదు. మోకాళ్లు కొంచెం వదులుగా ఉంచాలి, బూట్లలోనే కాలివేళ్లు కదుపుతూ ఉండాలి. యూనిఫాం రోజు టిఫిన్ చేయకుండా పంపకండి.

యూనిఫాం ఉచితంగానే ఇస్తారు గానీ, అది స్కూలు ఆస్తి. ఆ రోజు మొదటి బెల్లు నుంచి చివరి బెల్లు దాకా వేసుకునే ఉండాలి. తనిఖీకి మార్కులుంటాయి. ఎక్కువగా పోయేవి చిన్న చిన్న వాటి దగ్గరే: చొక్కా అంచు, బెల్టు బకిల్, ప్యాంటు జిప్పు ఒకే గీతలో లేకపోవడం, నేమ్‌ప్లేట్ వంకరగా పెట్టడం, వేలాడే దారాలు. దారాన్ని లాగొద్దు, కత్తిరించండి. జుట్టు, గోళ్ల రంగు, చెవి పోగులకూ నియమాలున్నాయి. చేతికి రక్షాదారం లాంటిది ఉంటే తనిఖీ రోజు వాదించే బదులు, ముందే ఇన్‌స్ట్రక్టర్‌కు ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

తుపాకీ మాటేంటి అంటారా? డ్రిల్‌లో పట్టుకునేవి పేలనివి. షూటింగ్ టీమ్ ఉంటే అది ఎయిర్ రైఫిల్, .177 క్యాలిబర్ పెల్లెట్లు, 10 మీటర్ల దూరం. భద్రతా పరీక్షలో పాస్ కానిదే రైఫిల్ ముట్టుకోనివ్వరు. పెల్లెట్లు సాధారణంగా సీసంతో చేసినవి. ప్రాక్టీస్ అయ్యాక చన్నీళ్లతో, సబ్బుతో చేతులు కడుక్కోకుండా తినకూడదు. దాని మీద ఆసక్తి లేని పిల్లలకు మార్చింగ్, ఓరియెంటీరింగ్ (మ్యాప్, దిక్సూచితో దారి వెతికే పోటీ), ఆర్మీ యూనిట్లలో క్విజ్ పోటీలు ఉన్నాయి. కోడింగ్ పిచ్చి ఉన్నవాళ్లు సైబర్‌పేట్రియట్ అనే సైబర్ భద్రత పోటీకి టీమ్ ఉందేమో అడగండి.

ఇక పత్రాలు, ఇమిగ్రేషన్. యూనిట్ నడవడానికి కావాల్సిన విద్యార్థుల లెక్కలో చట్టం చూసేది అమెరికా పౌరులు, నేషనల్స్ (అమెరికన్ సమోవా లాంటి చోట్ల పుట్టినవాళ్లు), గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లనే. పిల్లలు హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే చేరేముందే సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌ను అడగండి. కాలేజీ ఆర్‌ఓటీసీ (ఆఫీసర్ల శిక్షణ) స్కాలర్‌షిప్‌కూ, వెస్ట్ పాయింట్ లాంటి సైనిక అకాడమీలకూ పౌరసత్వం తప్పనిసరి. గ్రీన్ కార్డ్ ఉన్నా, పౌరసత్వం రాకముందే ఆ ఆశ పెట్టుకోవద్దు. కోర్సు పూర్తి చేసి, తర్వాత సొంత ఇష్టంతో సైన్యంలో చేరేవాళ్లకు మాత్రం కొంచెం పై ర్యాంకుతో మొదలయ్యే వెసులుబాటు ఉంది.

పిల్లలు అడగకుండానే ఈ క్లాసులో వేసేస్తున్న స్కూళ్ల గురించి 2022లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. అందుకని షెడ్యూల్ రాగానే వరుసగా చదవండి. వద్దనుకుంటే కౌన్సెలర్‌కు మొదటి వారంలోనే రాతపూర్వకంగా చెప్పండి, యాడ్-డ్రాప్ (క్లాసులు మార్చుకునే) గడువు దాటితే ఖాళీ సీటు దొరకదు. టెక్సాస్‌లో ఇది పీఈ (వ్యాయామ విద్య) క్రెడిట్‌కు బదులుగా చెల్లుతుంది. చాలాచోట్ల దీనికి జీపీఏలో అదనపు వెయిట్ ఉండదు. ర్యాంకు కోసం ఏపీలు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి క్లాసులు) లెక్కేసుకునే ఇంట్లో ఇది ముందే మాట్లాడుకోవాల్సిన విషయం.

ఇక సైన్యంలో చేరమని రిక్రూటర్ల నుంచి వచ్చే ఫోన్ల సంగతి. అసలు వాటికి జేఆర్‌ఓటీసీతో సంబంధమే లేదు. ఫెడరల్ నిధులు తీసుకునే హైస్కూలు ఏదైనా, సైన్యం అడిగితే విద్యార్థుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఇవ్వాల్సిందే. వద్దని తల్లిదండ్రులు రాసిస్తే ఇవ్వరు. ఆ ఫారం చాలాసార్లు సంవత్సరం మొదట్లో వచ్చే కట్టలో అడుగున ఉంటుంది. స్కూల్లో అస్వాబ్ (సైన్యం సామర్థ్య పరీక్ష) పెడితే స్కూలువాళ్లు "ఆప్షన్ 8" ఎంచుకున్నారో లేదో అడగండి, అప్పుడు స్కోర్లు రిక్రూటర్లకు వెళ్లవు.

వేసవికి కొన్ని రోజుల క్యాంపు ఉంటుంది, తాళ్ల మీద దిగడం, నీళ్లలో సాధన లాంటివి. వెళ్లేవాళ్లు శాకాహారులైతే మెడికల్ ఫారంతో పాటే రాసివ్వండి. సైన్యం భోజనం ప్యాకెట్లలో శాకాహారం మెనూలున్నాయి గానీ కొన్నే, అడగని వాళ్లకు మిగలవు. ఇక స్కూలు సంవత్సరం ముగిసేలోపు యూనిఫాం తిరిగివ్వాలి. ఇచ్చిన రోజు రాసుకున్న వస్తువుల జాబితా తీసి ఒక్కోటీ సరిచూసుకోండి, బెల్టు బకిల్ పోయినా బిల్లు మీకే వస్తుంది.