పంపేశాక కూడా వదలని మెయిల్

[తెర మీద: ల్యాప్‌టాప్. వేలు ‘సెండ్’ బటన్ మీద ఆగింది. క్లిక్.]

ఒకసారి ఉద్యోగానికి అప్లికేషన్ పంపాను. నా పని అయిపోయింది. అయినా ఐదు నిమిషాలు తిరక్కుండానే పంపిన మెయిల్ తెరిచి, నేను రాసిందే మళ్లీ చదివాను. మూడో లైన్లో ‘అనుభవం’ అనాల్సిన చోట ఒక అక్షరం ఎగిరిపోయింది.

[క్లోజప్: ‘అనుభం’]

గుండెల్లో రాయి పడింది. ఆ రాత్రి ఆ మెయిల్ ఇంకెన్నిసార్లు తెరిచానో లెక్కలేదు. ఎన్నిసార్లు చూసినా ‘వ’ లేదు. చూస్తూ ఉంటే వచ్చి కూర్చుంటుందనుకున్నానో ఏమో!

నమస్తే. పని మన చెయ్యి దాటిపోయాక కూడా మనసు దాన్నే పట్టుకుని ఎందుకు వేలాడుతుంది? ఈ వీడియో దాని గురించే.

[యానిమేషన్: వరసగా రాళ్లు. ఒక రాయి కింద పాము తోక.]

2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 45 మందితో ఒక కంప్యూటర్ గేమ్ ఆడించారు. తెర మీద రాయి కనిపిస్తుంది. దాని కింద పాము ఉందో లేదో చెప్పాలి. ఉంటే చేతికి కరెంట్ షాక్. సరిగ్గా చెప్పినా సరే, షాక్ తప్పదు. ఆడుతున్నంతసేపూ వాళ్లకి ఎంత చెమట పడుతోంది, కంటిపాప ఎంత పెద్దదవుతోంది అని కొలిచారు.

టెన్షన్ ఎప్పుడు బాగా పెరిగిందో తెలుసా? షాక్ ఖాయమని తెలిసినప్పుడు కాదు. పాము ఉండటానికీ, లేకపోవడానికీ సగం సగం అవకాశం ఉన్నప్పుడు. “ఫెయిలైనా పర్లేదు, ముందు ఏదో ఒకటి తేలిపోతే చాలు” అంటూ ఉంటాం కదా. అది ఊరికే అనే మాట కాదన్నమాట.

తేలని విషయం అంత బాధపెడుతుంటే మనసు ఊరుకోదు. ఏదో ఒకటి చెయ్యాలంటుంది.

[తెర మీద: రెండు లాటరీ టికెట్లు]

1975లో ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక డాలర్ లాటరీ టికెట్లతో చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. కొందరిని నచ్చిన టికెట్ ఏరుకోమన్నారు. మిగతావాళ్లకి ఏదో ఒకటి ఇచ్చేశారు. తర్వాత, “నీ టికెట్ ఎంతకి అమ్ముతావ్?” అని అడిగారు. ఇచ్చింది తీసుకున్నవాళ్లు సగటున 1.96 డాలర్లన్నారు. ఏరుకున్నవాళ్లు 8.67 అన్నారు! గెలిచే అవకాశం మాత్రం అందరికీ ఒక్కటే. తన చెయ్యి పడింది కాబట్టి తన టికెట్‌కి విలువ ఎక్కువని ఒక నమ్మకం.

నేను ఆ రాత్రి చేసింది కూడా అదే. మెయిల్ తెరిచిన ప్రతిసారీ ఏదో పని చేస్తున్నట్టే అనిపించింది. ఆందోళన పనిలా వేషం వేసుకుని వస్తుంది. అందుకే దాన్ని గుర్తుపట్టడం కష్టం.

“అయితే ఆలోచించడం మానెయ్” అంటారు కొందరు. వాళ్లని ఓ ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకుండా కూర్చోమనండి. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన ప్రయోగంలో అదే చెయ్యమన్నారు. ఎలుగుబంటి మాటిమాటికీ గుర్తొస్తూనే ఉంది.

నాకు పనికొచ్చింది వేరే. ఆందోళనకి టైం ఇవ్వడం. మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ బోర్కోవెక్, ఆయన సహచరులు 1983లో పరీక్షించిన పద్ధతి ఇది. రోజూ ఒకే టైంకి, ఒకే చోట అరగంట కూర్చుని కావాల్సినంత దిగులుపడాలి. మిగతా టైంలో దిగులొస్తే, “సాయంత్రం రా, చూద్దాం” అని వాయిదా వెయ్యాలి.

[తెర మీద: కుర్చీ, కాగితం, పెన్ను]

కాగితం నేను చేర్చుకున్నాను. బుర్రలో తిరుగుతున్న ప్రతి భయాన్నీ రాసి, పక్కనే “రేపు దీనికి నేను చెయ్యగలిగింది?” అని రాయడం. ఏమైనా ఉంటే అది రేపటి పని. ఏమీ లేకపోతే అక్కడ అడ్డగీత. మొదటి రోజు అరగంట చాల్లేదు. నాలుగో రోజు పది నిమిషాలకే, నిజం చెప్పాలంటే, బోర్ కొట్టింది. అన్నీ అడ్డగీతలే మరి.

వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం కాగితం చాలదు, డాక్టర్‌ని కలవండి.

[తెర మీద: మెయిల్ నోటిఫికేషన్]

పదకొండో రోజున జవాబొచ్చింది. అసలు ఆ పోస్టునే రద్దు చేశారట. అప్లికేషన్లేవీ తెరవలేదట.