విశాఖలో లేని విక్రాంత్

సభకు నమస్కారం.

యుద్ధ ప్రణాళికలో ఆకస్మికత, శత్రువును ఏమార్చడం అనగానే అందరూ 1944లో మిత్రదేశాల సేనలు ఫ్రాన్స్ తీరాన దిగిన నార్మండీ దగ్గరికి వెళ్తారు. నేను మన విశాఖ తీరాన్ని ఎంచుకున్నాను. 1971 నవంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధం ముంగిట, మన తూర్పు నౌకాదళం అక్కడ చేసిన పని నార్మండీతో పోలిస్తే చాలా చిన్నది. చిన్నది కాబట్టే అందులో ఏ మేకు ఎక్కడ బిగించారో స్పష్టంగా కనబడుతుంది.

ముందు అప్పటి ఇబ్బంది చెప్పుకోవాలి. దేశానికి ఉన్న ఒకే ఒక్క విమానవాహక నౌక విక్రాంత్. దాని బాయిలర్‌లో పగుళ్లు వచ్చి వేగం 16 నాట్ల (గంటకు సుమారు 30 కిలోమీటర్ల) దగ్గరికి పడిపోయింది. సీ హాక్‌లు, అలీజెలు అనే విమానాలు డెక్ మీద నుంచి లేవాలంటే ఎదురుగాలి కావాలి. ఆ గాలిలో కొంత ఓడ పరుగు వల్లనే పుట్టాలి. పైగా నెమ్మదిగా పోయే పెద్ద ఓడ మీద జలాంతర్గామికి గురి కుదరడం తేలిక. అటువైపు పాకిస్తాన్ దగ్గర కరాచీ నుంచి బంగాళాఖాతం దాకా వచ్చి, పని ముగించుకుని, తిరిగి వెళ్ళగల జలాంతర్గామి ఒక్కటే ఉంది. అది ఘాజీ. ఒకప్పుడు అమెరికా నౌకాదళంలో డయాబ్లో. ఒకసారి ఇంధనం నింపుకుంటే సుమారు 11,000 నాటికల్ మైళ్ళు పోగలదు. వాళ్ళ డాఫ్నె తరగతి జలాంతర్గాములు కొత్తవే, కానీ అంత దూరపు పనికి చాలవు. ఘాజీ నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది. విక్రాంత్ కోసమే.

తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ముందున్న ప్రశ్న ఇది: ఘాజీ ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న చాలామంది ప్రణాళికల్లో తప్పిపోతుంది. శత్రువు ఏం నమ్మాలి అని మొదలుపెడతారు. నమ్మి ఊరికే కూర్చుంటే మనకు ఒరిగేదేమీ లేదు. ఘాజీ విశాఖ, మద్రాసు తీరం వెంబడే కాచుకుని ఉండాలి, అండమాన్ వైపు తల తిప్పకూడదు. అది జరగాలంటే కరాచీలో ఉత్తర్వులిచ్చే అధికారికి విక్రాంత్ ఇక్కడే ఉందని తోచాలి. లెక్క ఆ చివర నుంచి వెనక్కి వేసుకుంటూ రావాలి.

మొదటి పని, నిజాన్ని దాచడం. విక్రాంత్ నవంబరు 13న మద్రాసు వదిలి అండమాన్ దీవుల్లో ఒక మరుగు రేవుకు చేరింది. సంకేతాల్లో దాన్ని పోర్ట్ ఎక్స్-రే అనేవారు. అక్కడ వైర్‌లెస్ మౌనం. ఎంత మంచి కట్టుకథ అయినా అసలు ఓడ ఒక్క సందేశం పంపితే కూలిపోతుంది.

తర్వాత అబద్ధానికి ఒంటిని ఇవ్వాలి. అందుకు దొరికింది రాజ్‌పుత్, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత డిస్ట్రాయర్ యుద్ధనౌక. సేవ నుంచి తప్పించే దశలో ఉంది. దాన్ని విశాఖకు సుమారు 160 మైళ్ళ దూరం సముద్రంలోకి పంపి, విమానవాహక నౌక ఉన్నప్పుడు ఎంత వైర్‌లెస్ రద్దీ ఉంటుందో అంత రద్దీ దానితో పుట్టించారు. ఒడ్డునే ఒక ట్రాన్స్‌మిటర్ పెట్టి అదే పని చేయించవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. వినేవాళ్ళు మాటలతోబాటు సంకేతం వచ్చే దిక్కునూ పడతారు. రెండు చోట్ల నుంచి దిక్కు చూస్తే గీతలు కలిసే చోటు తెలిసిపోతుంది. ఆ గీతలు నీళ్ళ మీదే కలవాలి. ఒడ్డుకు దగ్గరైతే మరో చిక్కు: అది చిన్న ఓడని కళ్ళతో చూసినవాడెవడైనా చెప్పేస్తాడు.

ఇక ఊళ్ళో. కృష్ణన్ తర్వాత రాసిన వివరాల ప్రకారం విశాఖ బజారులో మాంసం, కూరగాయలు పెద్ద ఎత్తున కొనిపించారు. మద్రాసులోని నౌకాదళ అధికారికి మామూలు టెలిఫోన్‌లోనే చెప్పారు: విక్రాంత్ వస్తోంది, పోర్ట్ ట్రస్ట్‌తో మాట్లాడి బెర్తు చూడండి, సరుకుల కాంట్రాక్టర్లను సిద్ధం చెయ్యండి అని. ఇన్ని రహస్యాలు ఫోన్‌లో మాట్లాడుతున్నందుకు ఈయనకు మతి పోయిందేమోనని అవతలి అధికారి అనుకున్నారట. అసలు సంగతి తెలిసి ఉంటే ఆ గొంతులో అంత కంగారు పలికేది కాదు. ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఒక టెలిగ్రాం. విక్రాంత్ నావికుడొకడు, జబ్బుగా ఉన్న తల్లి క్షేమం అడుగుతూ పంపినట్టుగా, సంకేత భాష లేకుండా, నియమాలకు విరుద్ధంగా వెళ్ళిన సందేశం. పై అధికారి ఉత్తర్వు చేజిక్కితే శత్రువు అనుమానిస్తాడు. కొడుకు బెంగ చేజిక్కితే ఎవరు అనుమానిస్తారు?

ఆకాశంలో వినేవాడు వేరు, బజారులో కనిపెట్టేవాడు వేరు, టెలిఫోన్ వినేవాడు వేరు. ఎవరికీ పూర్తి కథ అందలేదు. ముక్కలు అతికించుకున్నది శత్రువే, అందుకే తన ఊహ మీద తనకు అంత గురి. పైగా తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖే. విమానవాహక నౌక అక్కడుండటం సహజమని వాళ్ళు ముందే అనుకుంటున్నారు. ఉన్న నమ్మకానికి నీళ్ళు పోయడం సులువు, లేనిదాన్ని మొలిపించడం కష్టం.

ఎర పనిచేస్తోందా లేదా తెలియకపోతే ఇదంతా గుడ్డి దెబ్బ. జలాంతర్గాములకు, నీటి మందుపాతరలైన మైన్లు తొలగించే ఓడలకు మాత్రమే వాడే ఒక లూబ్రికేషన్ నూనె గురించి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని చిట్టగాంగ్‌ను వాకబు చేస్తూ పాకిస్తాన్ పంపిన సందేశాన్ని మనవాళ్ళు పట్టారు. దాంతో జలాంతర్గామి ఇటే వస్తోందని తేలింది. నవంబరు చివరి వారంలో ఘాజీకి అందిన సమాచారం, విక్రాంత్ విశాఖ రేవులో ఉందని. అప్పటికి అసలు ఓడ వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటిన కాసేపటికి విశాఖ రేవు బయట పెద్ద పేలుడు. ఇళ్ళ కిటికీలు అదిరాయి. తెల్లారాక జాలర్లు నూనె తెట్టు, శకలాలు చూశారు. ఘాజీతో పాటు అందులోని 90 మందికి పైగా నావికులు చనిపోయారు. రేవు దాటుతూ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ ఛార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్లనేనని మన అధికారిక కథనం. ఘాజీ తానే పరిచిన మైన్ల వల్లనేనని పాకిస్తాన్ వాదన. ఈ వాదులాట మధ్య అసలు విజయం మరుగున పడుతుందని నా బాధ. ఘాజీ పేలకుండా మరో వారం అక్కడే తిరిగినా ఏమార్పు నెగ్గినట్టే. లేని ఓడ కోసం అది కాపలా కాసింది.

ఆ పేలుడుకు కొన్ని గంటల ముందు, డిసెంబరు 3 సాయంత్రం, పడమటి సరిహద్దులో పాకిస్తాన్ తన ఆకస్మిక విమాన దాడి చేసింది. 1967 జూన్ 5న ఇజ్రాయెల్ ఈజిప్టు వైమానిక స్థావరాలను కొట్టిన తీరే ఆదర్శం. కానీ ఇజ్రాయెల్ తొలి విడతలోనే దాదాపు ఉన్న విమానాలన్నీ పంపింది. పాకిస్తాన్ కొన్ని డజన్లను చిన్న చిన్న జట్లుగా అమృత్‌సర్, పఠాన్‌కోట్, శ్రీనగర్ వంటి అనేక స్థావరాల మీదికి పంచేసింది. మనవాళ్ళు 1965లోనూ 1967లోనూ చూసిన పాఠంతో విమానాలను కాంక్రీటు గూళ్ళలో పెట్టుకుని ఉన్నారు. వేళ మాత్రమే ఆకస్మికం, దాడి వస్తుందన్నది కాదు. రన్‌వేల మీద గుంతలు త్వరగానే పూడ్చారు.

డిసెంబరు 4న విక్రాంత్ డెక్ మీద నుంచి సీ హాక్‌లు లేచి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్‌ను, తర్వాత చిట్టగాంగ్‌ను కొట్టాయి.