జేఆర్‌ఎఫ్ అని ఉన్నవన్నీ ఒకటి కాదు: బరంపురం కబుర్లు

తమ్ముడు: అక్కా, భువనేశ్వర్‌లో ఒక పరిశోధన ప్రాజెక్టుకి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) పోస్టు పడింది. వాక్-ఇన్ ఇంటర్వ్యూ, ఎమ్మెస్సీ చాలంటున్నారు. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) చదువు ఆపేసి వెళ్లిపోమంటావా?

అక్క: ఆగరా బాబూ. నెట్ లాంటి జాతీయ పరీక్షలో నువ్వు జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే ఆ ఫెలోషిప్ నీది. మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో) అయ్యాక 42,000. నిన్ను పీహెచ్‌డీకి తీసుకునే గైడు ఎక్కడుంటే అక్కడికి పట్టుకుపోవచ్చు. ప్రాజెక్టు పోస్టు అలాక్కాదు, అది ప్రాజెక్టు కోసం గైడుకి వచ్చిన గ్రాంటు డబ్బు. గ్రాంటు అయిపోయిందంటే పోస్టూ అయిపోయినట్టే.

తమ్ముడు: అయితే వద్దంటావు.

అక్క: ఎవరన్నారు? పని నేర్చుకోడానికి ప్రాజెక్టు మంచిదే. కాపోతే ఇంటర్వ్యూలో వాళ్లు అడగడం అయ్యాక నువ్వూ అడుగు. గ్రాంటు ఇంకెన్నాళ్లుంది? పీహెచ్‌డీకి రిజిస్టర్ అవ్వనిస్తారా? పీసీఆర్ (డీఎన్‌ఏని పెంచి చూసే పరీక్ష) చేతికిస్తారా, ట్యూబులకి లేబుళ్లు అంటించడమేనా? (నవ్వు) నవ్వకు, అలా ఏడాది గడిపేసినోళ్లని చూశాను.

తమ్ముడు: సికిల్ సెల్ మీదంట, అదే, రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు. గంజాం, గజపతి జిల్లాల ఊళ్లు తిరగాలట.

అక్క: మరది ముందు చెప్పవేటి! 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలెట్టింది. 40 ఏళ్లలోపు వయసున్న ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047కల్లా ఈ జబ్బు లేకుండా చెయ్యాలని లక్ష్యం. ఇలాంటి పరిశోధనలో సూది గుచ్చేముందు, ఎందుకు గుచ్చుతున్నామో ఆ మనిషికి అర్థమయ్యే మాటలో చెప్పి సమ్మతి తీసుకోవాలి. పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ముందు చూసేది అదే. పర్లాకిమిడి దాటితే ఒక ఊళ్లో తెలుగు, పక్క ఊళ్లో ఒడియా, కొండెక్కితే సవర. ఎక్కడో ఢిల్లీలో చదివొచ్చిన టాపర్‌కి ఈ మాటలెక్కడివి? నీ బయోడేటాలో భాషలు ఆఖరి లైన్లో ఉన్నాయి, పైకి తే. సవర ఎంతవరకు వచ్చో ఉన్నదున్నట్టు రాయి.

తమ్ముడు: సంతలో బేరమాడేంత వచ్చు.

అక్క: అంతే రాయి. అబద్ధమైతే మొదటి ఊళ్లోనే దొరికిపోతావు.

తమ్ముడు: పీహెచ్‌డీ అయిపోయినోళ్ల సంగతేటి?

అక్క: వాళ్లకీ ఇదే తేడా. గైడు గ్రాంటులో రీసెర్చ్ అసోసియేట్ అయితే 58,000తో మొదలు, పని ఆయన చెప్పింది. సొంతంగా ప్రతిపాదన రాసుకుంటే పరిశోధనకి డబ్బిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్ వాళ్ల పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత) ఫెలోషిప్, వైద్య, జీవశాస్త్ర పరిశోధనకిచ్చే ఇండియా అలయన్స్ ఫెలోషిప్ లాంటివి ఉన్నాయి. పోటీ గట్టిదే. నన్నడిగితే ఒక్కసారైనా రాయాలి. నా ప్రశ్న ఏంటని కూర్చుని తేల్చుకునేది అప్పుడే.

తమ్ముడు: నాకు సోమవారమే ఇంటర్వ్యూ.

అక్క: అయితే ఈ రాత్రికే పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన పేపర్లు వెతికే సైటు) ఆ గైడు పేరు కొట్టి, రెండు పేపర్లు చదువు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మర్చిపోకు. నెట్ పుస్తకాలు మాత్రం అటకెక్కించకు. 2024 నుంచి పీహెచ్‌డీ సీట్లకి కూడా చాలా చోట్ల ఆ స్కోరే చూస్తున్నారు.